గడప అవతల మా చరిత్ర

నాకు ఎనిమిదేండ్లప్పుడు మా చరిత్రను మొదటిసారి చూసిన. చదవలేదు, చూసిన. అది ఒక బట్ట మీద ఉన్నది.

అప్పుడు మేం శ్రీరాంపూర్‌ల కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. బాపు సింగరేణిలో తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపేటోడు. సంక్రాంతి సెలవులొస్తే గోదావరి దాటి మా ఊరికి పోయేది. మా ఊరు కరీంనగర్ దిక్కు ఒడ్డున ఉండేది. ఉండేది అనే అంటున్న, ఎందుకంటే ఇప్పుడు లేదు. ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నది.

వరి కోతలై, కళ్లాలు ఖాళీ అయినంక మా వాడకు డక్కలోళ్లు వచ్చేది. వాడలోకి రారు. వాడ బయట చింతచెట్టు కింద గుడారం వేసుకుంటరు. మా కులపెద్ద ఇంటింటికి తిరిగి వాళ్లకు గింజలు, పైసలు జమచేస్తడు. అది బిచ్చం కాదు, వాళ్ల హక్కు. మాదిగలను తప్ప ఎవరినీ అడుగరు. నేను గుడారం కాడికి ఉరుకుతుంటే నాయినమ్మ చెయ్యి పట్టి గుంజింది. "దూరం నిలబడు. ముట్టుకోకు. వాళ్లు డక్కలోళ్లు" అన్నది. ఆ ఊళ్లో మమ్మల్ని ముట్టుకునేటోడు లేడు. మేం ముట్టుకోనోళ్లు కూడా ఉన్నరని నాకు ఆరోజే తెలిసింది. చిన్నపోరన్ని, అదేదో గొప్పలాగే అనిపించింది.

చీకటి పడ్డంక పెట్రోమాక్స్ లైటు పెట్టిండ్రు. రెండు కట్టెలు పాతి, అడ్డంగా ఇంకో కట్టె కట్టి, దానికి పటం వేలాడేసిండ్రు. ఒక ముసలాయన కిన్నెర పట్టుకొని కూసున్నడు. ఇంకొకాయన చేతిల పుల్ల. పటం పైనుంచి కిందికి కొద్దికొద్దిగా విప్పుకుంట, పుల్లతో బొమ్మను చూపించుకుంట కథ చెప్పిండు. అంతా ఎరుపు. ఆ ఎరుపుల పసుపుపచ్చ మనుషులు, పెద్దపెద్ద కండ్లు. భూమి లేదు, ఆకాశం లేదు, అంతా నీళ్లే ఉన్నప్పుడు ఆదిజాంబవుడు పుట్టిండట. భూమి కంటే ఆరు నెలల ముందు పుట్టిన మొదటి మనిషి మా తాత అట. వాడంతా తల ఊపింది. పొద్దంతా వంగి పనిచేసి వచ్చిన మా చిన్నాయిన నిటారుగా కూసున్నడు.

కథ ఆపి ఆయన ఇంటిపేర్లు చదివిండు. చదివిండు అంటే చేతిల కాగితం లేదు, నోటికే. మా ఇంటిపేరు వచ్చింది. మా తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఆ తండ్రికి తండ్రి పేరు. మా ఇంట్ల ఎవరికీ గుర్తులేని పేర్లు అవి. నాయినమ్మ కొంగు నోట్లె పెట్టుకొని ఏడ్చింది.

సెలవులు అయిపోయి బడికి వచ్చినం. సాంఘికశాస్త్రంలో రాజుల పాఠం నడుస్తున్నది. ఎవరి వంశం ఎంత పాతదో చెప్తుండు సారు. నేను లేచి, "మా తాతలు భూమి కంటే ముందు పుట్టిండ్రు సార్" అన్న. సారు నవ్విండు. "భూమే లేనప్పుడు మీ తాత చెప్పులు ఎవరికి కుట్టిండురా?" అన్నడు. క్లాసంతా నవ్వింది. నేను కూసున్న. ఆ తర్వాత ఇరవై ఏండ్లు పటం గురించి ఎవరి ముందటా నోరు తెరువలేదు. డిగ్రీ చదివిన, బీఈడీ చదివిన. మా ఇంట్ల డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని నేనే. 2019లో సర్కారు టీచర్ ఉద్యోగం వచ్చింది. చెప్పేది సాంఘికశాస్త్రమే. ఏ పాఠం కాడ నన్ను కూసోబెట్టిండ్రో ఇప్పుడు ఆ పాఠమే నేను చెప్పాలి.

ఆ పాఠంలో కోటిలింగాల ఉన్నది. మా మునిగిపోయిన ఊరికి ఎంతో దూరం లేదు. గోదావరి ఒడ్డున అక్కడ దొరికిన నాణేల మీద గోబద, నారన, సమగోప, సిముక అనే పేర్లున్నాయి. శాతవాహనులు ఇక్కడ ఉన్నరని చెప్పడానికి ఆ బిళ్లలే సాక్ష్యం. ఆ పాఠం నాకు ఇష్టమే. మన మట్టిల దొరికిన చరిత్ర గదా. కానీ చెప్తుంటే ఒక ప్రశ్న అడ్డం వస్తది. రాజు తన పేరు రాగిబిళ్ల మీద కొట్టించుకున్నడు. ఆ రాజు గుర్రానికి జీను కుట్టినోడు, ఆ కోట బావికి మోట బొక్కెన కుట్టినోడు తన పేరు దేనిమీద రాసుకోవాలె? అక్షరం మాకు నిషేధం. రాయి మాది కాదు, రాగి మాది కాదు. మాకున్నది తోలు, నోరు, ఒక బట్ట. అందుకే మా చరిత్ర బట్ట మీద ఉన్నది.

ఆ బట్ట ఎట్ల తయారైతదో పెద్దయినంక తెలుసుకున్న. పాత వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషోళ్లు దాన్ని గీస్తరు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, జిగురు కలిపి పట్టిస్తరు. చింతగింజల పిండి ఉడికించి అంబలి చేసి పూస్తరు. అది ఎండి గట్టిపడితే దాని మీద ఉడుత వెంట్రుకల కుంచెతో బొమ్మలు. వెనుక అంతా ఎరుపు నింపుతరు. గజం వెడల్పు ఉండే బట్ట, పొడవు మాత్రం కథను బట్టి. ముప్పై, నలభై అడుగుల పటాలు కూడా ఉంటయి. అడ్డంగా గళ్లు గళ్లుగా విడదీసి, ఒక గడి తర్వాత ఒక గడి కిందికి కథ నడుస్తది.

ఇది మా ఒక్క కులానికే లేదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం పటం ఉన్నది, కూనపులోళ్లు చెప్తరు. చాకలోళ్లకు మడేలు పురాణం, గౌండ్లోళ్లకు గౌడ పురాణం. ముదిరాజుల కాడికి కాకిపడిగెలోళ్లు పాండవుల కథ పటం తెస్తరు. గొల్లలకు మందహెచ్చులోళ్లు పటం బదులు బొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెప్తరు. మాకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్తే, చిందోళ్లు దాన్నే ఆడి చూపిస్తరు. మా పాత ఆదిలాబాద్ అడవిలో గోండులకు తోటీలు, పర్ధాన్లు ఉన్నరు. కిక్రి వాయించి వంశాల కథ చెప్తరు. 1940లలో హైమన్‌డార్ఫ్ అనే పండితుడు వచ్చి గోండుల గురించి పెద్ద పుస్తకం రాసిండు. అందుల కథలు ఆయనకు చెప్పింది ఇట్లాంటి గాయకులే. అంటే చేతులతో పనిచేసే ప్రతి కులం తన చరిత్ర చెప్పడానికి ఒక కులాన్ని పోషించుకున్నది. రాజుకు ఆస్థానకవి ఉన్నట్టే మాకూ ఉన్నడు. ఆయన పుస్తకం చుట్టి భుజాన వేసుకొని నడుచుకుంట వస్తడు.

ఇక్కడ చదువుకున్న మిత్రులు ఒక మాట అంటరు. నేను కూడా కాలేజీ రోజుల్లో అన్న. "అది పురాణం, చరిత్ర కాదు. భూమి కంటే ముందు మనిషెట్ల పుడతడు?" అని. నిజమే, పుట్టడు. పటం తారీఖులు చెప్పదు. కానీ పటం ఏ ప్రశ్నకు జవాబు చెప్తున్నదో చూడాలె. ఆ పటంల ఒక గడి ఉన్నది. దేవతల కాడ కామధేనువు చస్తది. దాన్ని కోసి వండుతుంటే ఒక ముక్క కుండల నుంచి కింద పడ్తది. వండే మా పూర్వీకుడు దాన్ని తీసి, మట్టి ఊది, మళ్లీ కుండల వేస్తడు. అందుకు దేవతలు శపిస్తరు. ఆ రోజు నుంచి మేం వాడ పాలైనం అంటది కథ.

చిన్నప్పుడు ఆ గడి వస్తే మా వాడ మీద చీకటి దిగేది. పెద్దయి అంబేద్కర్‌ను చదివిన. 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో ఆయన అంటరానితనం ఎట్ల పుట్టిందని అడిగి, గొడ్డుమాంసం తినడం కాడికి పోతడు. ఓడి చెదిరిపోయి ఊరి బయట బతికిన జనం, బౌద్ధాన్ని వదలని జనం, గొడ్డుమాంసం మానని జనం అంటరానోళ్లు అయిండ్రని ఆయన వాదం. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. లండన్, కొలంబియా చదివిన మనిషి, చింతచెట్టు కింద పుల్ల పట్టుకున్న మనిషి ఒకే కాడికి పోయిండ్రు. ఆవు కాడికి. "మనం ఎందుకు బయట ఉన్నం?" అన్నదే ఇద్దరి ప్రశ్న. జవాబు వేరు. పటం చెప్పే జవాబులో తప్పు మాది, శాపం వాళ్లది. అంబేద్కర్ చెప్పే జవాబులో తప్పు మాది కాదు.

పటం మొత్తం అమృతం అని నేను చెప్తలేను. ఆ శాపం గడిలో బ్రాహ్మణీయం వచ్చి కూసున్నది. మా నోటితోనే మా తప్పు ఒప్పించిన గడి అది. కానీ అదే పటం మొదటి గడిలో మేం అందరికంటే ముందున్నం. పైన ఆత్మగౌరవం, కింద అవమానం, రెండూ ఒకే బట్ట మీద. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ తనను తాను ఆదిఆంధ్ర సభ అని పిలుచుకున్నది. పంచములు అన్న పేరు వద్దు, ఈ నేల మీద మొదటి వాళ్లం మేమే అన్నది. ఆ 'ఆది' అన్న మాట పటం చూసే వాడలకు కొత్తది కాదు. డక్కలోళ్ల పుల్ల దాన్ని ప్రతి ఏడు చూపిస్తనే ఉన్నది.

బట్ట మీద చరిత్ర ఏంది అని నవ్వేటోళ్లకు ఇంకో సంగతి చెప్తా. ఫ్రాన్స్‌లో బేయూ అనే పట్నం పేరు మీద ఒక పాత బట్ట ఉన్నది. దాదాపు 70 మీటర్ల పొడవు. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండును గెలిచిన కథను దారాలతో బొమ్మలుగా కుట్టిండ్రు. దాన్ని ఎవరూ పుక్కిటి పురాణం అనరు. అద్దాల పెట్టెల పెట్టి లోకం కాపాడుకుంటున్నది. అదీ ఒక పక్క మాటే చెప్తది, గెలిచినోడి మాట. తేడా ఒక్కటే. అది గెలిచినోళ్ల బట్ట, మాది ఓడినోళ్ల బట్ట.

ఇంతవరకు చెప్పింది గర్వంగానే చెప్పిన. ఇప్పుడు చెప్పేది సిగ్గుతో చెప్పాలి.

కొన్నేండ్ల కింద మా బడికి ఒక పిలగాడు వచ్చిండు. వారం వస్తే నెల రాడు. అడిగితే డక్కలోళ్ల పిలగాడని తెలిసింది. శ్రీరాంపూర్ పక్కన ఖాళీ జాగల గుడిసెలు వేసుకొని నాలుగు కుటుంబాలు ఉన్నయి. పిలగానికి కులం సర్టిఫికెట్ కావాలి. వాళ్ల తాతను తీసుకొని నేను ఒక ఆఫీసుకు పోయిన. "ఏ ఊరు?" అని అడిగిండ్రు. ముసలాయన చేతులు కట్టుకొని, "మా ఊరంటే మాదిగవాడలే సారూ. ఏ వాడ అని చెప్పాలె?" అన్నడు. "డక్కలి అని రుజువేంది?" అన్నరు. "పటం ఉండె. గోదాట్ల కలిపిన" అన్నడు. అక్కడున్నోళ్లకు అర్థం కాలేదు. నాకైంది. పటం చినిగి పనికిరాకుండా అయితే పారెయ్యరు. మనిషికి చేసినట్టు చేసి నదిల కలుపుతరు. కొత్త పటం రాయించుకున్నంక పాతదానికి సాగనంపు. ఈయన పాతదాన్ని సాగనంపిండు గని, కొత్తది రాయించే పైసలు ఏ వాడా ఇయ్యలేదు. వాడల్లో ఇప్పుడు అడిగేటోడు లేడు. ఉద్యోగాలొచ్చిన మాలాంటోళ్లకు డక్కలోడు గుమ్మం ముందుకు వస్తే సిగ్గు. కులం బయటపడ్తదని భయం.

ఆఫీసు నుంచి మా ఇంటికి తీసుకపోయిన. ఆయన గడప బయటే కింద కూసున్నడు. లోపలికి రమ్మన్న, రాలేదు. మా అవ్వ చాయ తెచ్చింది. నాకు స్టీలు గ్లాసుల, ఆయనకు కాగితం గ్లాసుల. మా అవ్వ చిన్నప్పుడు ఊరి బాయి కాడ దోసిలి పట్టి, పైనుంచి పోస్తే నీళ్లు తాగిన మనిషి. ఆ సంగతి నాకు వందసార్లు చెప్పి ఏడ్చిన మనిషి. ఆమె చేతిల కాగితం గ్లాసు. నేను చూసిన. ఏమీ అనలేదు. నా స్టీలు గ్లాసుల చాయ తాగిన. బడిల నన్ను కూసోబెట్టిన సారుకు, ఆరోజు నాకు తేడా ఏమున్నది?

చాయ తాగి ఆయన మా ఇంటిపేరు అడిగిండు. చెప్పిన. కండ్లు మూసుకొని వరుస చదువుడు మొదలుపెట్టిండు. మా తాత, ముత్తాత. ఆ తర్వాత మా అవ్వ పుట్టింటి పేరు అడిగి ఆమె వరుస కూడా చెప్పిండు. తండ్రి పేరు వినంగనే అవ్వ దర్వాజ పట్టుకొని నిలబడ్డది. ఆమె తండ్రి ఆమె పుట్టకముందే పోయిండు. ఫొటో లేదు, కాగితం లేదు. ఆయన పేరు ఈ భూమ్మీద ఇంకొక మనిషి నోట్లె ఉన్నదని ఆమెకు తెలియదు. ఆ మనిషి మా గడప బయట కాగితం గ్లాసు పట్టుకొని కూసున్నడు.

రెండోసారి వచ్చినప్పుడు అవ్వే కుర్చీ వేసింది, లోపల. చాయ స్టీలు గ్లాసులనే ఇచ్చింది. ఆయన పోయినంక ఆ గ్లాసు విడిగా కడిగింది. అదీ నేను చూసిన. ఈసారి ఊరుకోలేదు. "అవ్వా, దోసిలి మర్చిపోయినవా?" అన్న. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు, "మా నాయిన పేరు కాగితం మీద రాసిపెట్టు" అన్నది. రాసిపెట్టిన. ఇంతవరకే జరిగింది. ఇంతకంటే ఎక్కువ జరిగిందని చెప్తే అబద్ధం.

బయట లోకం ఈ కళను ఇప్పుడు గుర్తిస్తున్నది. చేర్యాల బొమ్మలు చిన్నచిన్న ఫ్రేములై ఎగ్జిబిషన్లల్ల అమ్ముడుపోతున్నయి. నకాషోళ్ల చెయ్యి బతుకుతున్నందుకు సంతోషమే. కానీ ఒక్క గడి గోడకెక్కితే అది బొమ్మ. ముందు గడి, వెనుక గడి ఉండి, పుల్ల పట్టి చెప్పే మనిషి ఉంటెనే అది చరిత్ర. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో ఆయన సినిమాలో పాడితే లోకమంతా విన్నది. చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు 2024లో వచ్చింది. మా వాళ్లు ఢిల్లీల నిలబడ్డరని నేను బడిల పిల్లలకు మిఠాయి పంచిన. కానీ గుడిసెల పిలగానికి సర్టిఫికెట్ కోసం మేం అప్పటికీ తిరుగుతనే ఉన్నం.

1994లో మాదిగ దండోరా మొదలైనప్పుడు మేం అడిగింది ఏంది? ఎస్సీలందరూ ఒక్కటే అంటే కుదరదు, లోపల కూడా ఎక్కువ తక్కువలున్నయి, వాటా పంచాలె అన్నం. ముప్పై ఏండ్లకు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చన్నది. 2025లో తెలంగాణ చట్టం చేసింది. అందరికంటే వెనుకబడ్డ 15 కులాలను మొదటి గుంపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చిండ్రు. డక్కలోళ్లు ఆ గుంపుల ఉన్నరు. మేం రెండో గుంపుల. ఆ జాబితా చూసినప్పుడు నాకు మా చింతచెట్టు యాదికొచ్చింది. మా న్యాయం మేం అడిగినప్పుడు ఏ మాట అన్నమో, అదే మాట ఇప్పుడు వాళ్లు మమ్మల్ని అడగొచ్చు. అడిగితే తల వంచి వినాలె.

ఈ ఏడు ఎండాకాలం సెలవులకు ముందు ముసలాయనను మా బడికి పిలిచిన. క్లాసులోకి, కుర్చీ మీదికి. ఆరు గజాల తెల్లబట్ట తెచ్చి, గంజి పట్టించి ఆరబెట్టినం. ఆయన చెప్తుంటే పిల్లలు గళ్లు గీసిండ్రు. మొదటి గడిలో వినాయకుడు ఉండాలె అన్నడు ఆయన. నాకు ఇష్టం లేదు, వాదించిన. "పటం నీదా, నాదా సారూ?" అన్నడు. ఊకున్న. శాపం గడి కాడికి వచ్చినంక మాత్రం ఒక ఆడపిల్ల లేచి, "ముక్క కింద పడితే మా అమ్మ కూడా కడిగి వేస్తది తాతా. దానికి శాపమెందుకు?" అని అడిగింది. ముసలాయన చానాసేపు ఆమె దిక్కు చూసిండు. "మా తాతను నేను గీ మాట అడుగలే బిడ్డా" అన్నడు. గడి తీసెయ్యలేదు. పక్కన ఆ పిల్ల ప్రశ్నను రాయించినం. దాని కింద కొత్త గళ్లు గీసినం. దొర గడి ముందు వెట్టి. బొగ్గుబాయిల దిగే తాతలు. నీళ్ల కింద పోయిన మా ఊరు, నీళ్ల మీదికి కనబడే చింతచెట్టు కొమ్మ. 2011 సకల జనుల సమ్మెల గేటు ముందు కూసున్న కార్మికులు.

గుడిసెల పిలగాడు ఏం గీసిండో చూసిన. ఒక ఇల్లు, దర్వాజ, గడప. గడప బయట పుల్ల పట్టుకున్న మనిషి. "లోపల గియ్యరా" అన్న. "లోపలికి పోయినప్పుడు గీస్త సార్" అన్నడు.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. మీ వాడకు వచ్చే డక్కలి తాత, చిందు అక్క, మాస్టి అన్న, బైండ్ల మామ ఇంకా బతికి ఉంటే పోయి కలువుండ్రి. మీ ముత్తాత పేరు అడుగుండ్రి. పటం ఉంటే గడి గడి ఫొటో తీసుకోండ్రి. చెప్పింది చెప్పినట్టు ఫోన్‌ల ఎక్కించుకోండ్రి, వాళ్ల పేరు మీదనే దాచిపెట్టుండ్రి. కోటిలింగాల మట్టి కూడా ఎల్లంపల్లి ముంపు కిందికే వచ్చింది, కానీ నాణేలు ముందే మ్యూజియం చేరినయి. మన పటం నీళ్లల్ల పోతే అది మనిషి గొంతుల తప్ప ఇంకెక్కడా లేదు. ఆ గొంతు పోతే అంతే.

కానీ ఫోన్ బయటికి తీసేముందు ఒక పని చెయ్యండ్రి. ఆ మనిషిని గడప లోపలికి పిలువుండ్రి.